ఏ జెట్ నడపాలి? కొనేవాడి లెక్క, నడిపేవాడి లెక్క

పోయిన వేసవి సెలవుల్లో తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళాను. రెండో రోజు సాయంత్రం పెదనాన్న అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు. "ఒరేయ్, నువ్వు మెకానికల్ చదువుతున్నావు కదా. మీ అన్నయ్య ఏ విమానం నేర్చుకుంటే మంచిదో కాస్త చూసి చెప్పరా. కాలవ పక్క ఎకరంన్నర బేరానికి పెట్టాను" అన్నాడు.

అన్నయ్యకి కమర్షియల్ పైలట్ లైసెన్సు వచ్చి అప్పటికి ఏడాది దాటింది. మన దేశంలో ఆ లైసెన్సుకి కనీసం 200 గంటలు ఎగరాలి. ఆ గంటల కోసమే ఒక పొలం అప్పుడే తాకట్టులో ఉంది. ఎయిర్‌లైన్ల దగ్గర పోటీ చాలా ఎక్కువ. పోనీ ప్రైవేట్ చార్టర్ల వైపు వెళ్దామంటే, ప్రతి కంపెనీ అడిగే మొదటి ప్రశ్న "ఏ జెట్ మీద రేటింగ్ ఉంది?" అని. రేటింగ్ లేకపోతే ఉద్యోగం రాదు. ఉద్యోగం లేకపోతే రేటింగ్‌కి డబ్బు రాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఈలోగా ఒక ఏజెంటు తగిలాడు. ఖండాలు దాటే పెద్ద జెట్ మీద సొంత ఖర్చుతో రేటింగ్ చేసుకుంటే తర్వాత సీటు తను చూస్తానన్నాడు. "ఆగకుండా లండన్ దాకా పోయే విమానమంటరా" అని పెదనాన్న ఊళ్ళో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

నేను మన స్టూడెంట్స్ ఎవరైనా చేసే పనే చేశాను. లాప్‌టాప్ తీసి ఎక్సెల్ షీట్ వేశాను. ఎడమ పక్క విమానాల పేర్లు, పైన రేంజ్, స్పీడ్, ఎత్తు, సీట్లు. సెస్నా సైటేషన్ ఎం2 రేంజ్ సుమారు 1,550 నాటికల్ మైళ్ళు. పిలాటస్ పీసీ-24, ఎంబ్రాయర్ ఫెనమ్ 300ఈ రెండూ 2,000 దగ్గర. ఛాలెంజర్ 350 అయితే 3,200. గల్ఫ్‌స్ట్రీమ్ జీ550 ఏకంగా 6,750. సార్టింగ్ కొట్టగానే గల్ఫ్‌స్ట్రీమ్ పైకి వచ్చి కూర్చుంది. ఏజెంటు చెప్పింది కరెక్టే అనిపించింది.

అదృష్టం ఏంటంటే, ఆ షీటుని పెదనాన్నకి చూపించేలోపే అన్నయ్య నన్ను సికింద్రాబాద్ తీసుకెళ్ళాడు. చార్టర్ జెట్లు నడిపి రిటైరైన ఒక కెప్టెన్ గారు అక్కడ ఉంటారు. ఆయన నా షీటు ఓపిగ్గా చూసి, "బాగా చేశావు బాబూ. కానీ ఇది విమానం కొనేవాళ్ళ షీటు. మీ అన్నయ్య కొనట్లేదు కదా, నడపబోతున్నాడు. నడిపేవాడి షీటులో కాలమ్‌లు వేరే ఉంటాయి" అన్నారు.

ఆ వేరే కాలమ్‌లు ఏంటో చెప్పడానికే ఈ వ్యాసం. మన క్యాంపస్‌లో కూడా బీటెక్ అయ్యాక పైలట్ అవుదామనుకునేవాళ్ళు ఉన్నారు. అవ్వాలని లేనివాళ్ళకి కూడా ఒక డిజైన్ నిర్ణయం మనిషి బతుకులోకి ఎలా దిగుతుందో ఇందులో కనిపిస్తుంది.

ముందు రెండు మాటలకి అర్థం

చార్టర్ అంటే టైమ్ టేబుల్ లేని విమానం. ఎవరో ఒకరు మొత్తం విమానాన్ని అద్దెకి తీసుకుంటారు. ఎక్కడికి, ఎప్పుడు అన్నది వాళ్ళిష్టం. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక బేగంపేట నుంచి ఎయిర్‌లైన్ సర్వీసులు వెళ్ళిపోయాయి కదా. ఇప్పుడు బేగంపేటలో దిగుతూ కనిపించే చిన్న తెల్ల జెట్లలో చాలావరకు ఈ బాపతువే. ఈ ఉద్యోగంలో పైలట్ పని కాక్‌పిట్‌తో అయిపోదు. చాలా కంపెనీల్లో సామాన్లు ఎక్కించడం, భోజనాలు వచ్చాయో లేదో చూడడం, ఇంధనం బిల్లు మీద సంతకం, క్యాబిన్ శుభ్రంగా ఉందో లేదో చూసుకోవడం అన్నీ పైలట్లే చేస్తారు. ప్యాసింజర్ ఆలస్యంగా వస్తే, వచ్చేదాకా కాచుకోవాలి.

టైప్ రేటింగ్ అంటే ఫలానా రకం విమానం నడపడానికి విడిగా తెచ్చుకునే అర్హత. మనకి కారు లైసెన్సు ఒకటుంటే మారుతీ అయినా బెంజ్ అయినా నడిపేయొచ్చు. జెట్లలో ఆ వీల్లేదు. ప్రతి రకానికీ మళ్ళీ క్లాసులు, సిమ్యులేటర్, పరీక్ష. ఖర్చు లక్షల్లో ఉంటుంది, జెట్ పెద్దదయ్యేకొద్దీ పెరుగుతుంది. పైగా ఒకసారి కట్టేసి ఊరుకుంటే చాలదు. రేటింగ్ బతికి ఉండాలంటే తరచూ మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, నడపడానికి విమానం దొరక్కపోయినా ఆ ఖర్చు తప్పదు.

మొదటి కాలమ్: ఈ రేటింగ్ ఎన్ని తలుపులు తీస్తుంది?

బయటికి అన్నదమ్ముల్లా కనిపించే విమానాలకి ఒక్కోసారి వేర్వేరు రేటింగులు ఉంటాయి. వేర్వేరు పేర్లున్న వాటికి ఒక్కోసారి ఒకటే రేటింగ్ సరిపోతుంది. అమెరికా ఎఫ్‌ఏఏ లెక్క తీసుకుంటే, సీఈ-525 అనే ఒక్క రేటింగ్ కింద పాత సైటేషన్‌జెట్, సీజే1 నుంచి సీజే4 దాకా, ఎం2 కూడా వస్తాయి. మధ్యలో తేడాలు నేర్చుకుంటే చాలు. ఛాలెంజర్ 604, 605, 650 మూడూ సీఎల్-604 అనే ఒకే రేటింగ్. అదే ఫెనమ్ 100, ఫెనమ్ 300 పేర్లు పక్కపక్కనే ఉన్నా రేటింగులు రెండు.

మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఒక లాంగ్వేజ్ నేర్చుకునే ముందు ఎన్ని కంపెనీలు దాన్ని వాడుతున్నాయో చూసుకోవడం లాంటిది ఇది. అన్నయ్య అప్పటికి చూసుకోలేదు. నేనూ చూడలేదు.

ఇందులోనే ఇంకో సంగతి, ఆ జెట్ ఇంకా తయారవుతోందా లేదా అన్నది. లియర్‌జెట్ అంటే ఒకప్పుడు బిజినెస్ జెట్‌కి మారుపేరు. మొదటిది 1963లో ఎగిరింది. 2021లో బొంబార్డియర్ దాని తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది, 2022లో ఆఖరి విమానం డెలివరీ అయింది. హాకర్ జెట్లకీ 2012లో కంపెనీ దివాలాతో ఆ దారే పట్టింది. తయారీ ఆగినంత మాత్రాన ఆ విమానాలు మర్నాడే మాయమైపోవు. ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతాయి, వాటికి పైలట్లూ కావాలి. కానీ 23 ఏళ్ళ కుర్రాడు సొంత డబ్బుతో రేటింగ్ తీసుకునేటప్పుడు ఆ విమానాల సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూసుకోవాలి.

పెద్ద జెట్ల విషయంలో ఇంకో తలుపు ఉంటుంది. ఆ తలుపు దగ్గర కాపలా కాసేది ఇన్సూరెన్స్ వాళ్ళు. కొన్ని వందల కోట్ల విమానానికి బీమా చేసేటప్పుడు పైలట్‌కి మొత్తం ఎన్ని గంటలు, జెట్ల మీద ఎన్ని, ఆ రకం మీద ఎన్ని అని అడుగుతారు. రేటింగ్ కాగితం చేతిలో ఉన్నా, 200 గంటల పైలట్‌ని ఆ సీట్లో కూర్చోబెట్టడానికి యజమాని ఒప్పుకున్నా బీమా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఏజెంటు ఈ ముక్క చెప్పలేదు.

రెండో కాలమ్: వంద గంటల్లో ఎన్ని ల్యాండింగులు?

నా షీటులో రేంజ్ ఎక్కువైతే మార్కులు ఎక్కువ. కెప్టెన్ గారు అదే అంకెని తిరగేసి చూపించారు.

పెద్ద జెట్ ఒక్కో ట్రిప్పు సగటున 8 గంటలు ఎగిరిందనుకోండి. 100 గంటలకి 12 ల్యాండింగులు. ఇద్దరు పైలట్లు పంచుకుంటే తలా 6. దూరం ఇంకా ఎక్కువైతే డ్యూటీ గంటల నిబంధనల వల్ల మూడో పైలట్ కూడా ఎక్కుతాడు, వాటా ఇంకా తగ్గుతుంది.

చిన్న జెట్ హైదరాబాద్ నుంచి తిరుపతి, ముంబై, విశాఖ అంటూ సగటున గంటంపావు ట్రిప్పులు వేసిందనుకోండి. అదే 100 గంటలకి 80 ల్యాండింగులు. తలా 40.

లాగ్‌బుక్‌లో రెండూ 100 గంటలే. కానీ ఒకడు ఆరుసార్లు దించాడు, ఇంకొకడు నలభైసార్లు. టేకాఫ్, దిగే ముందు వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ వాళ్ళతో మాటలు, కొత్త రన్‌వే, పక్కగాలి, ఇవన్నీ ట్రిప్పుకి ఒకసారే వస్తాయి. 40,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ పక్కన గడిపే ఏడు గంటల్లో రావు. ప్యాసింజర్లని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగులు చేసి ఉండాలన్న నిబంధన దాదాపు అన్ని దేశాల్లోనూ ఉంది. పెద్ద జెట్ల పైలట్లు ఈ మూడింటి కోసం కూడా ఒక్కోసారి సిమ్యులేటర్‌కి వెళ్ళాల్సి వస్తుంది.

వేల గంటలు నిండిన కెప్టెన్‌కి పెద్ద జెట్ మంచిదే. జీతం ఎక్కువ, ప్రపంచం చూడొచ్చు. చేయి తిరగాల్సిన వయసులో ఉన్నవాడికి మాత్రం రేంజ్ తక్కువ ఉండడం లోపం కాదు, లాభం. ఒకటే అంకె, కొనేవాడికి ఒకలా, నడిపేవాడికి ఇంకోలా పనిచేస్తోంది.

మూడో కాలమ్: పక్క సీట్లో ఎవరు?

సైటేషన్ సీజే కుటుంబం, ఫెనమ్ 300, పీసీ-24 లాంటివి ఒక్క పైలట్‌తో నడపడానికి సర్టిఫై అయినవి. ఛాలెంజర్లు, గల్ఫ్‌స్ట్రీమ్‌లు, ఫాల్కన్‌లకి ఇద్దరు ఉండి తీరాలి. డిజైన్ పరంగా చూస్తే ఒక్కడితో నడిచేలా చేయడం పెద్ద విజయం. స్విచ్చులు తగ్గించాలి, సిస్టమ్‌లు ఆటోమేటిక్ చేయాలి, ఏదైనా చెడిపోతే ఒక్కడే ఒక చేత్తో నడుపుతూ రెండో చేత్తో చూసుకోగలగాలి.

కొత్త పైలట్‌కి ఇది రెండు వైపులా పదునున్న కత్తి. అలాంటి జెట్ మీద కూడా చాలా చార్టర్ కంపెనీలు ఇద్దరిని పెడతాయి. అప్పుడు పక్కనున్న సీనియర్ దగ్గర నేర్చుకోవచ్చు. కానీ సర్టిఫికేట్ ప్రకారం ఒక్కడు చాలు అన్నప్పుడు, రెండో సీట్లో కూర్చున్న గంటలు లాగ్‌బుక్‌లో లెక్కకి వస్తాయా లేదా అన్నది ఆ దేశపు నిబంధనల మీద, ఆ కంపెనీకి ఉన్న అనుమతుల మీద ఆధారపడుతుంది. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి 1,500 గంటలు పోగు చేయాల్సినవాడికి ఇది చిన్న విషయం కాదు. రెండేళ్ళు కూర్చుని ఆ గంటలు చెల్లవని తెలిస్తే ఎవర్ని అడుగుతాం? అందుకే చేరకముందే ఈ ప్రశ్న కాగితం మీద అడిగి, జవాబు కాగితం మీదే తీసుకోమన్నారు కెప్టెన్ గారు.

నాలుగో కాలమ్: రన్‌వే లెక్క

ఇది మన సబ్జెక్టు, కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

తయారీ కంపెనీ ఇచ్చే ల్యాండింగ్ దూరం టెస్ట్ పైలట్ తీసింది. రన్‌వే మొదట్లో 50 అడుగుల ఎత్తు నుంచి మొదలుపెట్టి, పొడి రన్‌వే మీద గట్టిగా బ్రేకులు వేసి ఆపితే వచ్చిన అంకె అది. చార్టర్ జెట్ బయల్దేరే ముందు ఆ అంకెతో ప్లాన్ చేయకూడదు. మామూలు నిబంధన ప్రకారం దిగబోయే రన్‌వే పొడవులో 60 శాతం లోపే ఆగగలగాలి. రన్‌వే తడిగా ఉండొచ్చనుకుంటే ఇంకో 15 శాతం కలపాలి.

లెక్క వేద్దాం. టెస్ట్ దూరం 800 మీటర్లు అనుకోండి. 800ని 0.6తో భాగిస్తే 1,333 మీటర్లు. తడి రన్‌వే అయితే దాన్ని 1.15తో గుణించాలి, 1,533 మీటర్లు. బ్రోచర్‌లో 800 అని చూసి "1,200 మీటర్ల రన్‌వే మీద దింపేయొచ్చు" అనుకుంటే చార్టర్ కింద అది కుదరదు. సొంత విమానంలో సొంతంగా వెళ్ళే యజమానికి ఈ గుణకాలు చాలాచోట్ల వర్తించవు. అంటే అదే విమానం, అదే రన్‌వే, అదే పైలట్. టికెట్ డబ్బు చేతులు మారితే లెక్క మారుతుంది. "మా ఫ్రెండ్ సొంత జెట్ అక్కడ దిగింది కదా, మీరెందుకు దింపరు?" అని కస్టమర్ అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది ఎవరు? పైలటే.

దిగే వేగం సంగతీ చూడండి. ఒక జెట్ 105 నాట్ల దగ్గర, ఇంకోటి 125 నాట్ల దగ్గర దిగుతాయనుకుందాం. తేడా 20 నాట్లే. కానీ గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ప్రతి కిలోకీ బ్రేకులు మింగాల్సిన శక్తి 1.42 రెట్లు. చిన్న రన్‌వేల మీద పని చేసే కంపెనీలో చేరితే ఈ ఒక్క అంకె రోజూ ఎదురవుతుంది. పీసీ-24ని మట్టి, గడ్డి, కంకర రన్‌వేల మీద కూడా దిగేలా డిజైన్ చేశారు. ఆస్ట్రేలియాలో రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ దాన్ని ఎయిర్ అంబులెన్సుగా వాడుతోంది. అలాంటి పని కావాలనుకునే పైలట్‌కి 6,750 మైళ్ళ రేంజ్ దేనికీ పనికిరాదు.

టేకాఫ్‌కి మన ఎండలు కలపండి. బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి 1,742 అడుగుల ఎత్తులో ఉంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 11 లేదా 12 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే తేడా 30 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలిపితే గాలి సాంద్రత దాదాపు 5,400 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. రెక్కకి గాలి పల్చన, ఇంజన్‌కి గాలి పల్చన. పరుగు మధ్యలో ఒక ఇంజన్ ఆగిపోయినా రెండో దానితో లేచి, కావలసినంత ఏటవాలుగా ఎక్కగలగాలి. ఎక్కలేకపోతే బరువు దించాలి. ఏ జెట్‌కి ఎంత మిగులు శక్తి ఉందో పైలట్‌కి తెలిసేది ఇలాంటి మధ్యాహ్నాల్లోనే.

రన్‌వే పొడవు సరిపోయినా పని అయిపోదు. 2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నం నుంచి ముంబై వెళ్ళిన ఒక లియర్‌జెట్ 45 భారీ వానలో దిగుతూ రన్‌వే పక్కకి జారిపోయింది. అప్పుడు విజిబిలిటీ 700 మీటర్లు. ఆరుగురు ప్యాసింజర్లు, ఇద్దరు పైలట్లు, అందరూ బతికి బయటపడ్డారు. ముంబై రన్‌వే చిన్నదేమీ కాదు. అలాంటి వానలో దిగాలా, చక్కర్లు కొట్టాలా, వేరే ఊరు వెళ్ళిపోవాలా అనేది ఏ ఎక్సెల్ షీటులోనూ రాదు.

ఐదో కాలమ్: ట్యాంకు నిండాలా, సీట్లు నిండాలా?

బ్రోచర్‌లో రేంజ్ పక్కన చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది. తొలి పీసీ-24లకి చెప్పిన 2,000 మైళ్ళు నలుగురు ప్యాసింజర్లతో. ఫెనమ్ 300ఈకి చెప్పే 2,010 మైళ్ళు ఐదుగురు మనుషులతో. సీట్లు అంతకంటే ఎక్కువే ఉంటాయి. సీట్లన్నీ నింపితే ఇంధనం తగ్గించాలి, ఇంధనం నింపితే మనుషుల్ని తగ్గించాలి. ఖాళీ విమానం బరువు, మనుషులు, సామాన్లు, ఇంధనం అన్నీ కలిపి టేకాఫ్ పరిమితి దాటకూడదు. థర్మోలో మనం గీసే గ్రాఫులంత తేలికే. కష్టమల్లా మనుషుల దగ్గర.

పెళ్ళి బృందం ఎనిమిది మంది, ఒక్కొక్కరికీ రెండు సూట్‌కేసులు, హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 1,370 నాటికల్ మైళ్ళు. "సీట్లు ఉన్నాయి కదా, రేంజ్ ఉంది కదా" అంటారు. రెండూ నిజమే, కానీ రెండూ ఒకేసారి నిజం కాకపోవచ్చు. నాలుగు సూట్‌కేసులు కింద పెట్టమని పెళ్ళికొడుకు తండ్రికి చెప్పాల్సింది పైలట్. "పర్లేదు, వెళ్ళిపోదాం" అనే కంపెనీలో ఉన్నామా, "నువ్వు చెప్పిందే ఫైనల్" అనే కంపెనీలో ఉన్నామా అన్నది అప్పుడు తేలుతుంది.

ఆరో కాలమ్: ఆ జెట్ ఎవరిది?

ఇక్కడ కెప్టెన్ గారు రెండు ప్రమాదాల గురించి చదవమన్నారు. రెండింటి మీదా అమెరికా ఎన్‌టీఎస్‌బీ రిపోర్టులున్నాయి. ఇంటికొచ్చి చదివాను.

ఒకటి 2017 మే 15న. ఒక చార్టర్ కంపెనీ లియర్‌జెట్ 35ఏ ఫిలడెల్ఫియా నుంచి న్యూయార్క్ పక్కనున్న టెటర్‌బరోకి ఖాళీగా వెళ్తోంది. దిగే ముందు తిరగాల్సిన మలుపు ఆలస్యమైంది. వేగం పడిపోయి స్టాల్ అయి కూలింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. కంపెనీ సొంత నిబంధన ప్రకారం ఆ కో-పైలట్‌కి విమానం నడిపే అనుమతి లేదు. కెప్టెన్ ఆయన్ని నడపనిచ్చాడు. బయల్దేరే ముందు సరైన ప్లానింగ్ లేదు, దిగే ముందు బ్రీఫింగ్ లేదు. కంపెనీలో ఇలాంటివి పట్టుకునే భద్రతా వ్యవస్థ లేదని రిపోర్టు రాసింది. ఆ కో-పైలట్‌కి కూడా రేటింగ్ కోసం డబ్బు కట్టిన ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది కదా అనిపించింది.

రెండోది 2014 మే 31న మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో. ఈసారి పెద్ద జెట్, గల్ఫ్‌స్ట్రీమ్ 4. చార్టర్ కాదు, యజమాని సొంతది. గాలికి కదలకుండా కంట్రోల్స్‌ని బిగించే గస్ట్ లాక్ తీయకుండానే టేకాఫ్‌కి పరుగు మొదలుపెట్టారు. లేవలేకపోయింది. విమానంలో ఉన్న ఏడుగురూ చనిపోయారు. బయల్దేరే ముందు కంట్రోల్స్ అన్నీ కదిపి చూస్తే అర నిమిషంలో తెలిసిపోయేది. రికార్డర్‌లో అంతకు ముందు 175 టేకాఫ్‌లు చూస్తే, 98 శాతం సార్లు ఆ చెక్ పూర్తిగా చేయనే లేదు. ఇద్దరూ ఏళ్ళ తరబడి కలిసి ఎగిరిన అనుభవజ్ఞులు. తప్పు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ఒకటి పాత చిన్న జెట్, ఒకటి ఖరీదైన పెద్ద జెట్. నా మొదటి షీటులో ఒకటి అట్టడుగున, ఒకటి పైన ఉండేవి. రెండు చోట్లా ప్రాణాలు తీసింది రేంజూ కాదు, స్పీడూ కాదు.

అందుకే ఆఖరి కాలమ్‌లో అన్నయ్య ఈ ప్రశ్నలు రాసుకున్నాడు. శిక్షణ ఎక్కడ, ఎంత తరచుగా? సిమ్యులేటర్ ఖర్చు ఎవరిది? మెయింటెనెన్స్ ఎవరు చూస్తారు? రోజుకి ఎన్ని గంటలు డ్యూటీ, విశ్రాంతి నిజంగా ఇస్తారా? "ఈరోజు వెళ్ళను" అని చెప్పిన పైలట్‌ని ఆ కంపెనీ తర్వాత ఎలా చూసింది? ఈ చివరిదానికి జవాబు ఇంటర్వ్యూలో దొరకదు. అక్కడ పనిచేసి బయటికొచ్చిన వాళ్ళతో టీ తాగితే దొరుకుతుంది.

చివరికి ఏమైంది

కొత్త షీటు పట్టుకుని ఊరికి వెళ్ళాం. పెదనాన్నకి నాటికల్ మైళ్ళు అక్కర్లేదు కదా. అన్నయ్య ఆయన భాషలోనే చెప్పాడు. "నాన్నా, కొత్తగా సేద్యం నేర్చుకునేవాడికి ఏడాదికి ఒక్క పంట పండే ఇరవై ఎకరాలు మంచిదా, మూడు పంటలు పండే రెండెకరాలు మంచిదా?"

పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి లండన్ అన్నాను కదరా ఊళ్ళో" అన్నాడు. అందరం నవ్వాం. కానీ ఆయన నవ్వులో కొంచెం బాధ ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది.

ఏజెంటుకి అన్నయ్య ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగాడు. 200 గంటల పైలట్‌ని ఆ సీట్లోకి తీసుకుంటామని బీమా కంపెనీ నుంచి కాగితం ఇప్పించగలరా? రేటింగ్ అయ్యాక సీటు రాకపోతే డబ్బు వెనక్కి ఇస్తామని రాసివ్వగలరా? ఆ తర్వాత అటునుంచి ఫోన్ రాలేదు.

ఎకరంన్నర బేరం ఆగిపోయింది. అలాగని కథ సుఖాంతమైందని కాదు. అన్నయ్య ఆరు నెలలు ఒక చార్టర్ కంపెనీ ఆఫీసులో ఆపరేషన్స్ డెస్క్ దగ్గర పనిచేశాడు. పర్మిషన్లు, ఇంధనం, హోటల్ బుకింగ్‌లు, అర్ధరాత్రి ఫోన్లు. "పైలట్‌ని చదివించి గుమాస్తాని చేశారు" అని ఊళ్ళో అన్నవాళ్ళు ఉన్నారు. తర్వాత అదే కంపెనీ తేలికపాటి జెట్ మీద రేటింగ్ చేయించింది. ఖర్చు వాళ్ళది, మూడేళ్ళ బాండు అన్నయ్యది. బాండు మీద సంతకం పెట్టే ముందు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఏడాది గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా అని ఇద్దరం కూర్చుని ప్రతి లైనూ చదివాం. తాకట్టులో ఉన్న పాత పొలం మాత్రం ఇంకా తాకట్టులోనే ఉంది.

మీలో ఎవరికైనా ఈ దారి మీద ఆశ ఉంటే ఒక చిన్న పని చేయండి. మీకు నచ్చిన జెట్ ఏదైనా తీసుకోండి. దాని ల్యాండింగ్ దూరాన్ని 0.6తో భాగించి, 1.15తో గుణించి, మీ ఊరికి దగ్గర్లో ఉన్న రన్‌వే పొడవు పక్కన పెట్టి చూడండి. తర్వాత దాని సగటు ట్రిప్పు ఎన్ని గంటలో అంచనా వేసి, 100 గంటల్లో మీ వాటా ల్యాండింగులు ఎన్నో లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలు వచ్చాక కూడా అదే జెట్ నచ్చితే, అప్పుడు మీ నాన్నగారితో డబ్బు మాట ఎత్తండి.

మొన్న అన్నయ్య మెసేజ్ పెట్టాడు. ఆ నెలలో 31 ల్యాండింగులట. వాటిలో ఒకటి గన్నవరంలో, పెదనాన్న పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి ఎయిర్‌పోర్టు కంచె బయట నిలబడి చూశాడు. "చిన్నదే గానీ బాగానే దిగిందిరా" అన్నాడు నాతో ఫోన్‌లో.